జాబితాలో లేని పేషెంటు

ఆ రోజు ఉదయం పేజీల మాస్టారి పథకం చాలా చిన్నది. కాలేజీ మైదానంలో చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం, ఒళ్ళో అట్ట పెట్టుకుని పిల్లలకు మార్కులు వేయడం, ఎండ ముదరకముందే ఇల్లు చేరి నడుం వాల్చడం. అంతకు మించి ఆ కార్యక్రమానికి ఆయన ఇవ్వదలచుకున్నది ఏమీ లేదు.

నర్సింగ్ కాలేజీలో అత్యవసర వైద్యం పాఠం ఆయనది. ఇరవై ఏళ్ళుగా అదే పాఠం, అదే పుస్తకం. ఊపిరి ఆగితే ఏం చేయాలని ఎవరైనా అడిగితే ముందు పేజీ నంబరు చెప్పి, తర్వాత జవాబు చెప్పేవారు. పిల్లలు పెట్టిన పేరు ఊరికే రాలేదు. చదువు పూర్తవుతూనే తిన్నగా వచ్చి బోర్డు ముందు నిలబడ్డ మనిషి. రక్తం చూస్తే ఆయనకు కళ్ళు తిరుగుతాయన్న సంగతి భార్యకు తప్ప మూడో కంటికి తెలియదు. కూరలు తరుగుతూ ఆవిడ వేలు తెగితే, దానికి గుడ్డ పీలిక చుట్టుకుని ఆ తర్వాత ఈయన మొహాన నీళ్ళు చల్లేదీ ఆవిడే.

ఈ ప్రశాంతతకు గండి కొట్టింది ప్రిన్సిపాలు. ఆయన ఏదో సదస్సుకు వెళ్ళి, అనుభవంతో వచ్చేదే చదువని, మిగతాదంతా కాగితం బరువని తెలుసుకుని వచ్చారు. గట్టు మీద కూర్చోబెట్టి ఎన్నాళ్ళు చెప్పినా ఈత రాదు, నీళ్ళలోకి తోయాల్సిందే అని స్టాఫ్ మీటింగులో బల్ల గుద్దారు.

"తోస్తే కొందరు మునుగుతారండీ," అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాలు ఆ మాట వినిపించుకోలేదు. కాలేజీ వెనకాల తుప్పు పట్టి పక్కకు ఒరిగిపోయిన పాత బస్సు ఒకటి ఉంది. దాన్నే ప్రమాదం చేద్దామన్నారు. స్టాఫంతా గాయపడ్డవాళ్ళు, పిల్లలు వైద్యం చేసేవాళ్ళు. ఎవరికి ఏ గాయమో జాబితా రాసే పని మాస్టారికి పడింది. ఒక్కటే నియమం: గంట కొట్టేదాకా ఎవరూ పాత్రలోంచి బయటికి రాకూడదు. ఎవరడిగినా, ఏమడిగినా ప్రమాదం జరిగిందనే చెప్పాలి. ఆఖరికి ఆఫీసులో ఫోనెత్తే అటెండరుకు కూడా అదే ఆజ్ఞ.

తలకు దెబ్బ తగలాల్సిన గుమాస్తా ఆ ఉదయమే జ్వరమని కబురు పంపాడు. ప్రిన్సిపాలు నలువైపులా చూశారు. ఖాళీగా, చెట్టు నీడన, కుర్చీలో మాస్టారు కనిపించారు. మరి కాసేపటికి ఆ కుర్చీలో అట్ట మాత్రమే మిగిలింది.

బొమ్మలు బాగా వేస్తాడని పేరున్న లైబ్రేరియను, పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి మాస్టారి నెత్తిన ధారాళంగా పోశాడు. అది నుదుటి మీదుగా చెవిలోకి, చెవిలోంచి చొక్కాలోకి దిగింది. అద్దం చూపిస్తానంటే మాస్టారు వద్దన్నారు. 'స్పృహ లేదు, తలలో రక్తస్రావం' అని రాసిన అట్టముక్క మెడకు కట్టించుకుని బస్సు పక్కన వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. వాస్తవంగా ఉండాలని ఎవరో తడిచెత్తకు నిప్పు పెట్టి పొగ లేపారు. పాకం వాసనకు చీమలు వచ్చాయి. స్పృహ లేని మనిషి గోక్కోకూడదు కాబట్టి మాస్టారు గోక్కోలేదు. ఏ పనైనా ఒప్పుకునేదాకానే ఆయన గింజుకుంటారు. ఒప్పుకున్నాక ప్రాణం పెడతారు.

ప్రహరీ అవతల మూడంతస్తుల ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ ఇటు చూసింది. ఒరిగిన బస్సు, పొగ, నేల మీద నెత్తురోడుతున్న మనుషులు. ఆవిడ తడిచీర అక్కడే పారేసి కిందికి పరుగెత్తి అంబులెన్సుకు ఫోన్ చేసింది. మంచి మనిషి. ఆ రోజు జరిగినదానిలో ఆవిడ తప్పు ఆవగింజంత కూడా లేదు.

అంబులెన్సు కూత పెడుతూ మైదానంలోకి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు ఎంత ఏర్పాటు చేశారో అని స్టాఫ్ అనుకున్నారు. ప్రిన్సిపాలేమో, తను అడగకుండానే మాస్టారు ఎవరినో పట్టుకుని దీన్ని రప్పించారని, మనిషి పైకి అలా కనిపిస్తారు గానీ లోపల ఉత్సాహం ఉందని ముచ్చటపడ్డారు. వచ్చినవాళ్ళు అందరికన్నా ఎర్రగా కనిపించిన మనిషి దగ్గరికి వెళ్ళారు, మెడలో అట్ట చదివారు, ఎవరో డాక్టరు ముందే చూసి రాసి ఉంటాడనుకుని ఆయన్ని స్ట్రెచరెక్కించారు.

మాస్టారు కళ్ళు తెరవలేదు. గంట ఇంకా కొట్టలేదు.

బండి రోడ్డెక్కి రెండు మలుపులు తిరిగాక ఆయనకు అనుమానం వచ్చింది. ఇంత దూరం తీసుకెళ్ళడం తన ప్రణాళికలో లేదు. ఒక కన్ను తెరిచి, ఇక చాలు బాబూ, దింపెయ్యండి అన్నారు. పక్కన కూర్చున్నతను స్పృహ వచ్చిందని డ్రైవరుకు సంతోషంగా చెప్పి, ఆయన మొహానికి ఆక్సిజన్ గొట్టం బిగించాడు. ఆ తర్వాత మాస్టారు చెప్పిందంతా గొట్టంలోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సు ఆయన పాత విద్యార్థిని. ముందు బెంచీలో కూర్చుని ప్రతి మాటా రాసుకున్న పిల్ల. స్ట్రెచరు మీద ఆయన్ని చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా చేతులు ఆగలేదు. గొట్టం తీయగానే మాస్టారు లేచి కూర్చున్నారు.

"అమ్మా, నాకేం కాలేదు. ఇదంతా నాటకం."

"పడుకోండి సార్. తలకు దెబ్బ తగిలినవాళ్ళు నాకేం కాలేదనే అంటారు, అస్సలు నమ్మొద్దని మీరే కదా చెప్పారు."

ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు. ఒక్కరైనా గుర్తు పెట్టుకుంటారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆమె ఆయన్ని వెనక్కి పడుకోబెట్టి, మంచం పట్టెకు రెండు చేతులూ మెత్తటి గుడ్డతో కట్టేసింది. ఆ ముడి కూడా ఆయన నేర్పిందే. లాగితే బిగుస్తుంది.

డ్యూటీ డాక్టరు వచ్చి ప్రమాదం ఎలా జరిగిందని అడిగాడు. బస్సు బోల్తా పడిందని, అయితే అది పడి చాలా ఏళ్ళయిందని మాస్టారు చెప్పారు. మరి ఈ రక్తం ఎవరిదని అడిగితే లైబ్రేరియను తయారు చేశాడన్నారు. ఒళ్ళంతా ఏదో పాకుతున్నట్టుందని కూడా అన్నారు. డాక్టరు నర్సు వంక చూశాడు. తల తుడిచి చూస్తే గాయం కనపడలేదు. గాయం కనపడితే కుట్టెయ్యొచ్చు, కనపడకపోతేనే భయపడాలని డాక్టరు గొంతు తగ్గించి అన్నాడు. నర్సు ఔనన్నట్టు తలూపింది. అది కూడా మాస్టారి పాఠంలోదే.

కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోమని మాస్టారు ప్రాధేయపడ్డారు. చేశారు. అటెండరు ఆజ్ఞ తప్పని మనిషి. ప్రమాదం జరిగిన మాట నిజమేనని, వెనకాల చాలామంది పడి ఉన్నారని, తనకూ కాలు విరిగిందని మూలిగి పెట్టేశాడు. డాక్టరు వెంటనే అంబులెన్సును మళ్ళీ అటు పంపాడు.

ఈలోగా కబురందుకుని మాస్టారి భార్య, ఆవిడ తమ్ముడు వచ్చారు. బావమరిది శుభకార్యాలకూ సభలకూ కుర్చీలు అద్దెకిస్తాడు. వ్యానులో కుర్చీలతో సహా వచ్చేశాడు. భార్య గుమ్మంలోనే చూసింది, ఎర్రరంగు కాలర్లో గడ్డకట్టిన మనిషిని, కట్టేసిన చేతులని. ఆవిడ ఏడవలేదు. వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుని, రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ మొహం అంత తెల్లగా పాలిపోవడం మాస్టారు చూడలేదు. నాటకమని ఆవిడకు చెప్పడం మొదలుపెట్టారు. ఆత్రంలో మొదట్నుంచీ చెప్పారు, సదస్సుతో సహా.

డాక్టరు ఆవిడని పక్కకు పిలిచి, ఆయన మామూలుగా ఇలాగే మాట్లాడతారా అని అడిగాడు.

"లేదండీ," అందావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇంట్లో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడరు."

డాక్టరు స్కానింగుకు రాశాడు. మరీ గింజుకుంటే ఇవ్వడానికి నిద్రమందు సిద్ధం చేయమన్నాడు.

సిరంజీ చూశాక మాస్టారికి బుద్ధి పనిచేసింది. అరవడం మానేశారు. ప్రిన్సిపాలుకు ఒక్క ఫోన్ చేయనిస్తే బుద్ధిగా పడుకుంటానన్నారు. భార్య ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. ఎత్తింది ప్రిన్సిపాలు కాదు, ఆఖరి బెంచీ అమ్మాయి. ఎప్పుడూ తనలో తాను ఏదో గొణుక్కుంటుందని తోటి పిల్లలు ఆమెను గొణుగుడు అనేవారు. పరీక్షల్లో అత్తెసరు మార్కులు.

ఫోన్ ప్రిన్సిపాలుకు ఇవ్వమన్నారు మాస్టారు. ఆయన మాట్లాడే స్థితిలో లేరని, ఆయన కూడా పేషెంటుగా చేస్తున్నారని అమ్మాయి చెప్పింది. "చాలా బాగా చేస్తున్నారు సార్. బస్సుకానుకుని ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. నిజంగానే నొప్పి అంటున్నారు. రెండు బ్యాచ్‌లు వచ్చి చూసి లక్షణాలన్నీ చెప్పేశాయి. కరెక్టుగా చెప్పారని అందరూ చప్పట్లు కొట్టారు."

 జాబితా ఆయనే రాశారు. విరిగిన కాళ్ళున్నాయి, కాలిన చేతులున్నాయి, ఒక కడుపు గాయం ఉంది. గుండెనొప్పి లేదు. బస్సు ప్రమాదంలో గుండెనొప్పి ఎందుకని ఆయన రాయలేదు.

"మెడలో అట్ట ఉందా?"

"లేదు సార్."

"చెమటలు పడుతున్నాయా? ఎవరైనా నీళ్ళు చల్లారా?"

"చెమటే సార్. నీళ్ళు ఎవరూ చల్లలేదు."

"చెయ్యి పట్టుకుని చూడు."

 చప్పట్లు, నవ్వులు, దూరంగా ఎవరో ఎవరినో మార్కులు అడగడం వినిపించాయి. మళ్ళీ వచ్చిన ఆమె గొంతులో గొణుగుడు లేదు.

"ఐస్‌లా ఉంది సార్. పక్కకు ఒరిగిపోయారు. పిలిస్తే పలకడం లేదు. ఊపిరి... ఊపిరి తెలియడం లేదు సార్."

"వెల్లకిలా పడుకోబెట్టు. ఛాతీ మధ్యలో చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టు. నేనొచ్చేదాకా ఆపకు. ఎవరు నవ్వినా ఆపకు."

ఫోన్ కట్ కాలేదు. నేల మీద పడేసినట్టుంది. లయగా ఎవరో రొప్పుతున్న చప్పుడు అందులోంచి వస్తూనే ఉంది. నర్సు అది విన్నది. సిరంజీ పళ్ళెంలో పెట్టేసి, అంబులెన్సును పిలవడానికి గుమ్మం వైపు తిరిగింది. అంబులెన్సు డ్రైవరు ఆ గుమ్మంలోంచే లోపలికి వస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

అతను రెండోసారి కాలేజీకి వెళ్ళాడు. స్ట్రెచరు దింపగానే కడుపు గాయం లేచి కూర్చుని మంచినీళ్ళడిగింది. విరిగిన కాళ్ళు నడిచి వచ్చి బండి చూసి వెళ్ళాయి. అక్కడ అందరూ నటులేనని, ఈ మంచం మీదున్న పెద్దమనిషి కూడా నటుడేనని, ఊళ్ళో జనం నిజంగా చస్తుంటే తమతో ఆటలాడుకుంటున్నారని, ఆ కాలేజీకి ఇకమీదట బండి పంపొద్దని పైవాళ్ళకు చెప్పేశానని అతను వార్డంతా వినేలా చెప్పాడు. అతని కోపంలోనూ న్యాయముంది.

అలా మాస్టారికి ఒంట్లో ఏమీ లేదని ఎట్టకేలకు అందరూ నమ్మారు. కాబట్టి ఆయన చెబుతున్నది ఇక ఎవరూ నమ్మలేదు. ప్రిన్సిపాలు చచ్చిపోతున్నారని ఆయన అంటుంటే, ఇంకా ఎంతసేపు సార్ ఈ డ్రామా అని డాక్టరు విసుక్కున్నాడు.

నర్సు ఒక్కతే ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది. ఆ రొప్పు నటిస్తే వచ్చేది కాదని ఆమెకు తెలుసు. తనూ ఎన్నోసార్లు అలా రొప్పింది. ఆమె మాస్టారి చేతికట్లు కత్తిరించింది. గోడకున్న షాకిచ్చే పెట్టెను ఎవరినీ అడక్కుండా దింపి చంకన పెట్టుకుంది. ఉద్యోగం పోతుందని డాక్టరు హెచ్చరించాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

బావమరిది వ్యానులో ముందు సీట్లో భార్య, నర్సు, వెనకాల కుర్చీల మధ్య మాస్టారు. స్కానింగుకని తొడిగిన ఆసుపత్రి గౌనుకు వెనక ముడులు వేయలేదు. దారి పొడుగునా మలుపు మలుపుకీ ఒక వరస కుర్చీలు ఆయన మీదికి కూలాయి. ఆయన వాటిని తోసుకుంటూ, పాఠంలోని వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి గుర్తు చేసుకుంటూ కూర్చున్నారు. అన్నీ గుర్తున్నాయి. 

వ్యాను మైదానంలో ఆగగానే, గౌనుతో, నెత్తి మీద తుడిచినా పోని ఎర్రరంగుతో దిగిన మాస్టారిని చూసి పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన అటు చూడలేదు. బస్సు పక్కన గొణుగుడు మోకాళ్ళ మీద కూర్చుని నొక్కుతూనే ఉంది. జుట్టు మొహాన పడి, పెదవి కొరుక్కుని, లెక్క గొణుక్కుంటోంది. పక్కనున్నవాళ్ళు, చాల్లేవే, మార్కులు వేసేశారు, సార్‌కి నొప్పి పుడుతుంది అని భుజం లాగుతున్నారు. ఆమె చేతులు తడబడుతున్నాయి. ప్రిన్సిపాలు పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ రంగు లైబ్రేరియను దగ్గర లేదు.

మాస్టారు ఆమెను పక్కకు జరిపి తన చేతులు పెట్టారు. ఎంత లోతు నొక్కాలో ఆయన కొన్ని వందలమందికి చెప్పారు. కింద మనిషి ఉంటే అది ఎంత లోతో ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. చొక్కా గుండీ అరచేతికి గుచ్చుకుంది. నాలుగోసారో ఐదోసారో నొక్కినప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది, చప్పుడుతో పాటు చేతి కింద ఏదో దిగిపోయింది. పక్కటెముక. ఆయనకు కళ్ళు తిరిగాయి. భార్య ఎప్పుడొచ్చిందో వెనకనుంచి ఆయన భుజాలు గట్టిగా పట్టుకుంది. ఆయన ఆపలేదు.

నర్సు పెట్టె తెరిచి తీగలు అంటించింది. అందరినీ దూరం జరగమంది. ప్రిన్సిపాలు శరీరం ఒక్కసారి ఎగిరి పడింది. అప్పుడు గానీ మైదానంలో నవ్వులు ఆగలేదు. ఒక పిల్ల గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. రెండో షాకు తర్వాత, గొంతులో గరగరమని ఒక ఊపిరి వచ్చింది. ఆఫీసు వరండాలో అటెండరు టైము చూసుకుని, నిబంధన ప్రకారం గంట కొట్టాడు.

ప్రిన్సిపాలు బతికారు. మూడు పక్కటెముకలు పోయాయి, చాలా వారాలు మంచం మీదే ఉన్నారు. నర్సుకు అనుమతి లేకుండా సామాను బయటికి తీసుకెళ్ళినందుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఒక రోజు మాస్టారు చూడటానికి వెళితే, ప్రిన్సిపాలు కిటికీ వైపు మొహం పెట్టి పడుకున్నారు. కళ్ళు చీకట్లు కమ్మేముందు తనకు ఆఖరుగా వినిపించింది చప్పట్లని చెప్పారు. ఇప్పటికీ టీవీలో ఎవరైనా చప్పట్లు కొడితే ఒళ్ళు చెమటలు పడుతోందన్నారు.

డ్యూటీలో చేరిన రోజే ఆయన ఉత్తర్వు వేశారు. ఇకమీదట కాలేజీలో అనుభవాలు నిషేధం. పాఠం పుస్తకంలోంచి చెప్పాలి, పుస్తకంలోనే ముగించాలి. తలకు దెబ్బ తగలకుండానే మాస్టారు ప్రిన్సిపాలు గదిలో గట్టిగా మాట్లాడారు. పిల్లల్ని ఆసుపత్రి వార్డుల్లోకి పంపాలని, నిజం మనిషి చెయ్యి పట్టుకుని చల్లదనం చూడనివ్వాలని, తన ఇరవై ఏళ్ళ పాఠంలో ఆ చల్లదనం లేదని బతిమాలారు. తోస్తే కొందరు మునుగుతారన్న మాట ఈసారి ప్రిన్సిపాలు అన్నారు.

చేసేదేమీ లేక మాస్టారు క్లాసుకు వెళ్ళి, పుస్తకం మూసేసి, ఆ రోజు తన చేతులకు తెలిసింది చెప్పారు. ఎముక విరిగే చప్పుడు ఎలా ఉంటుందో, విన్నాక ఆగిపోవాలని ఎంత బలంగా అనిపిస్తుందో, అయినా ఎందుకు ఆగకూడదో. మధ్యలో గొంతు పూడుకుపోయి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వెనక్కి తిరిగేసరికి క్లాసంతా తలలు వంచుకుని ఉంది. చలించిపోయారనుకున్నారు. రాసుకుంటున్నారు.

ఏడాది చివరి పరీక్షలో గుండె ఆగిన మనిషికి చేయవలసిన చికిత్స వివరించమని ప్రశ్న వచ్చింది. మాస్టారు పేపర్లు దిద్దుతూ పోయారు. ఒకటి తర్వాత ఒకటి, అన్నిట్లోనూ పుస్తకంలోని అంశాలు, వాటి కింద అవే వాక్యాలు: 'ఎండుపుల్ల విరిగిన చప్పుడు వచ్చును. భయపడరాదు. ఈ దశలో గొంతు పూడుకుపోవును, కిటికీ వద్ద కాసేపు నిలబడవలెను.' ఒక్క పేపర్లో మాత్రం అవేవీ లేవు. సగం పేజీ ఖాళీగా ఉంది. 'చెయ్యి పట్టుకుని చూడాలి. తర్వాత ఇంకొకరు వచ్చి తీసుకునేదాకా ఆపకూడదు' అని ఉంది, అంతే. దస్తూరీ చూసి గొణుగుడుదని గుర్తుపట్టి, మాస్టారు పదికి పది వేశారు.

పేపర్లు రెండోసారి దిద్దడానికి వేరేచోటికి వెళ్ళాయి. అక్కడ దిద్దినవారెవరో, జవాబులో ఉండవలసిన అంశాలు లేవని పదిని ఒకటి చేశారు. కాలేజీ మొత్తం మీద ఆ ఏడాది అత్యవసర వైద్యం తప్పింది ఆ అమ్మాయి ఒక్కతే.